తుపాకీ కట్టె మీద పసుపు

కర్నూలు, కడప రెండు జిల్లాల్లో నా చెయ్యి తగలని తుపాకీ లేదు. గోడకు వేలాడేవి, బీరువాల్లో పడుకునేవి, అంగళ్ల ముందు కాపలా నిలబడేవి, ఏదైనా సరే, దాని కట్టెకు మెరుపు తగ్గిందంటే డోన్‌లో నా పాలిష్ అంగడి మెట్లెక్కవలసిందే. నేను పాలిష్ వేసిన కట్టెలో ముఖం చూసుకొని మీసం దువ్వుకున్న ఆసాములు ఉన్నారు. ఒకాయనైతే అద్దం ఎందుకని ఇంట్లో అద్దాన్నే తీసేయించాడు.

ఈ మాటలు నేను టీ అంగడి దగ్గర ఎన్నేళ్లుగా చెబుతున్నానో నాకే గుర్తు లేదు. చెప్పి చెప్పి నేను నమ్మేశాను. నేను నమ్మితే పోనీ, ఇంకొకడు కూడా నమ్మాడనుకున్నాను. మా వీధి చివర ఉండే హవల్దారు అతను. మిలిటరీలో పనిచేసి వచ్చి, సొంతంగా రెండు గొట్టాల తుపాకీ కొనుక్కొని, లైసెన్సు తీసుకొని, మా ఊళ్లోనే ఒక బ్యాంకు గేటు దగ్గర గన్‌మ్యాన్‌గా నిలబడతాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. గట్టిగా మాట్లాడడం అతనికి రాదు. మిలిటరీలో ఎట్లా వేగాడో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

దసరా అయిన తర్వాత వచ్చిన శుక్రవారం పొద్దున, అతను చంకలో గోనెసంచి పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు.

"అన్నా, నీతో పని పడింది."

"కూర్చోప్పా. నిలబడే ఉద్యోగం బ్యాంకులో చేస్తాండావు కదా, ఈడన్నా కూర్చో."

కూర్చోలేదు. సంచిలోంచి తుపాకీ కట్టె తీసి నా ఒళ్లో పెట్టాడు. ఇనుప భాగాలన్నీ విప్పి ఇంట్లో బీరువాలో తాళం వేసి, కట్టె ఒక్కటే తెచ్చాడు. తన పేరు మీద లైసెన్సు ఉన్న తుపాకీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, కట్టెకైతే ఆ బాధ లేదని అతని ధైర్యం. మంచి అక్రోటు కర్ర. ఏళ్ల తరబడి చెయ్యి పట్టి పట్టి, చెంప ఆనించి ఆనించి, బెల్లం పాకం రంగు తిరిగింది. అయితే భుజానికి ఆనించే వెడల్పు భాగం మీద అరచెయ్యంత పసుపు. దాని నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ. కిందికి కారి ఎండిపోయిన చార ఒకటి.

"ఇదేందప్పా, తుపాకీకి పెండ్లి చేసినావా?"

"బ్యాంకులో ఆయుధ పూజ చేసినారన్నా. కంప్యూటర్లకు పెట్టినారు, దుడ్లు లెక్కపెట్టే మిషన్‌కు పెట్టినారు. మేనేజరమ్మ మహానంది నుంచి మంచి కుంకుమ తెప్పించిందంట. అంతా అయినాక అటెండరు నన్ను జూసి, 'అసలైన ఆయుధం ఈడ నిలబడి ఉంటే, దాన్ని ఇడ్సిపెట్టినామే' అన్న్యాడు. అంతే, అందరూ పళ్లెం పట్టుకోని నా మీదికొచ్చిరి."

"నువ్వు వద్దనలేదా?"

"ఎట్ల వద్దంటా? క్రిస్మస్‌కు నేను పంచే కేకు అందరూ తింటారు."

"సరే, ఆ పొద్దే తుడిచేయాల్సింది."

"వాళ్లు ప్రేమగా పెట్టింది వాళ్ల కండ్ల ముందరే తుడిస్తే నొచ్చుకుంటారని, రెండు దినాలు అట్లే పెట్టుకోని నిలబడినా. మూడో దినం తుడిస్తే పోలేదు."

పోదు మరి. తడిపసుపు అంత మందాన పూసి, పాత పాలిష్ అరిగిపోయిన చోట రెండు రోజులు ఉంచితే, అది కట్టె లోపలికి దిగి కాపురం పెట్టేస్తుంది.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. గన్‌మ్యాన్లను బ్యాంకుకు పంపే కంపెనీ నుంచి సోమవారం ఒక ఆఫీసరు వస్తున్నాడు. తుపాకులు చూసి, బాగా ఉంచుకున్న వాళ్లను మాత్రమే కొనసాగిస్తాడు. ఈ మధ్యనే ఇంకో ఊళ్లో ఒకాయన్ని తుపాకీ శుభ్రంగా లేదని ఇంటికి పంపేశారు. "వయసైనోళ్లను తీసేయాలని సాకు వెతుకుతాండారన్నా. మచ్చ జూసి, తుపాకీ పెట్టుకోవడం చేతగాదని రాసేస్తాడు. ఇంకా రెండేండ్లు నేను ఆ గేటు కాడ నిలబడాల. చిన్నది కర్నూల్లో నర్సింగు చదువుతాండాది. ఈ పని పోతే నా వయసుకు ఇంకోటి యాడ దొరుకుతాది?"

"కర్నూల్లో తుపాకులంగడి ఉండాది కదా?"

"నువ్వుండంగా కర్నూలుకు పోవడమేందన్నా?"

ఈ మాట దగ్గర నేను ఆగి ఒక నిజం చెప్పాలి. రెండు జిల్లాల తుపాకులు అన్నాను కదా. మొత్తం మూడు. మొదటిది నందికొట్కూరు దగ్గర ఒక ఆసామిది. దాని గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టుకొని ఉండేవి, నేను పాలిష్ వేస్తున్నంతసేపూ నా చెవి చుట్టూ తిరిగాయి. రెండోది కడపలో ఒక షావుకారు అంగడి కాపలాదారుది. దానికి నేను పాలిష్ వేయలేదు. అతను తుడుచుకుంటుంటే పక్కన కూర్చొని సలహాలు చెప్పాను. కడప జిల్లా నా లెక్కలోకి వచ్చింది అట్లా. మూడోది నాటకాల వాళ్లది. టేకుతో చేసిన తుపాకీ, గొట్టం కూడా టేకే. అద్దం తీసేయించిన ఆసామి ఎవరని అడగొద్దు. లేడు.

మిగతా బతుకంతా నేను మంచాలకు, తలుపులకు, కుర్చీలకు లక్క పాలిష్ వేసినవాణ్ణి. ఆ పని మాత్రం వచ్చు. కర్నూలు పాతబస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర చెంపదెబ్బలు తిని నేర్చుకున్నాను.

కానీ ఆ పొద్దు ఇవేవీ నా నోట్లోంచి రాలేదు. "సోమవారం పొద్దున అద్దం మాదిరి ఇస్తా పో" అన్నాను.

అతను పోయాక కట్టెను వెలుతురులో పెట్టి చూశాను. స్పిరిట్ వాడితే లక్క కరిగి పాలిష్ అంతా లేచిపోతుంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే మచ్చతో పాటు ఆ బెల్లంపాకం రంగు కూడా పోయి, తెల్లగా బొల్లి తేలుతుంది. అందుకని అన్నిటికంటే మెత్తని మందుతో మొదలు పెట్టాలనుకున్నాను. బట్టల సబ్బు గోరువెచ్చని నీళ్లలో కరిగించి, మెత్తటి గుడ్డతో పైపైన తుడవడం. టీ గ్లాసు మచ్చలకు, చేతి జిడ్డుకు, నూనె మరకలకు నేను జీవితమంతా చేసింది అదే. పసుపు సంగతి నాకు తెలియదు. గడపలకు పసుపు రాయించుకునే వాళ్లు ఉన్నారు గానీ, రాసిన పసుపు తీయమని నన్ను ఎవరూ పిలవలేదు.

గుడ్డ తగలగానే పసుపు ఎర్రబడింది.

కుంకుమేమో కారుతోందనుకొని ఇంకొంచెం సబ్బు పెట్టాను. ఇంకా ఎర్రబడింది. గట్టిగా రుద్దాను. అరచెయ్యంత పసుపు మచ్చ అరచెయ్యంత ఎర్ర మచ్చ అయి కూర్చుంది. కారిన చార కూడా ఎర్రగా, ఎట్లా ఉండకూడదో సరిగ్గా అట్లా తయారయింది.

సాయంత్రం హవల్దారు, తుపాకీ లేక ఉత్త లాఠీతోనే గేటు దగ్గర నిలబడి, డ్యూటీ దిగి వస్తూ తొంగి చూశాడు.

"యేసయ్యా! ఇదేందన్నా, కట్టెతో ఎవుర్నో తలకాయ పగలగొట్టినట్ల ఉండాది!"

నా నోరు నాకంటే ముందే లేచింది. "మందు పనిచేస్తాండాదప్పా. లోపలి మచ్చంతా పైకొస్తాండాది. పైకొస్తేనే కదా పోయేది."

"అవునా?"

"అవును. నువ్వు నిశ్చింతగా పో."

అతను తల ఊపి పోయాడు. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నా అబద్ధాలు విని జనం నవ్వుతారు, ఒక్కోసారి తిడతారు, అదంతా నాకు అలవాటే. ఇట్లా నెమ్మదిగా తల ఊపి పోవడం మాత్రం నాకు గుచ్చుకుంది.

మా ఇంటామె వసారాలో శనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది. అతను మలుపు తిరిగేదాకా ఆగి అడిగింది.

"ఏం మందు పెట్టినావు?"

"బట్టల సబ్బు."

"పసుపుకు సబ్బు పెట్టినావా!" చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఇన్నేండ్లు నీ బనీన్లకు పసుపంటితే నేనేం చేస్తాండానో ఒక్కనాడన్నా తొంగి చూసింటే తెలిసేది. సబ్బు తగిలితే పసుపు ఎర్రగయితాది. నిమ్మరసం పెడితే మల్ల పసుపయితాది. ఆ పసుపును ఎండలో పెడితే ఎండే తినేస్తాది. చీరెకైనా అంతే, కట్టెకైనా అంతే."

"కట్టెను ఎండలో పెడతారా ఎవరన్నా? చీలి చస్తాది. మా ఉస్తాద్ వింటే గోరీలోంచి లేచొస్తాడు."

"రానీ. ఆయనకు గూడా చెప్తా."

నేను వినలేదు. శనివారం పొద్దున నుంచి నా విద్యలన్నీ ప్రయోగించాను. కొబ్బరినూనెలో ముంచిన దూదితో రుద్దాను. సన్నని బూడిద గుడ్డకు అద్ది రుద్దాను. పళ్లపొడి కూడా వదల్లేదు. ఎరుపు కొంచెం ముదిరిందే గానీ తగ్గలేదు. చివరికి ఉప్పుకాగితం తీశాను. వేళ్లకు చుట్టుకున్నాను కూడా. అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. ఈ మధ్య దానికి వణుకు వచ్చింది. కాగితంతో గీకేస్తే మచ్చ పోతుంది, నిజమే. ఆ తర్వాత తెల్లబడిన చోట పాత రంగు తెప్పించాలి, పొర మీద పొర సమంగా లాగాలి. ఆ చెయ్యి నాకు ఇప్పుడు లేదు. ఈ సంగతి నేను అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటామెకు కూడా. ఆమెకు తెలిసే ఉంటుంది, గ్లాసు అందించేటప్పుడు సగమే పోసి ఇస్తుంది.

ఉప్పుకాగితం విప్పి పక్కన పెట్టాను.

"నిమ్మకాయలు ఉండాయా?" అన్నాను.

కోసి సిద్ధంగా పెట్టినవే తెచ్చి నా ముందు పెట్టింది. వెనక్కి తిరిగి తన పనిలో పడింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

దూదిని రసంలో ముంచి, పిండి, మచ్చ మీద మాత్రమే అద్దాను. చూస్తూ ఉండగానే ఎరుపు విరిగి పసుపులోకి తిరిగింది. చేతి పట్టు దగ్గర సన్నని అల్లిక గీతలు చెక్కి ఉంటాయి, అతని వేళ్లకంటి వాటిలో ఇరుక్కున్న పసుపును పాత పళ్లబ్రష్షుతో తీశాను. తర్వాత తడిగుడ్డతో పులుపంతా తుడిచి, పొడిగుడ్డతో ఆర్చాను. నడుమ ఉన్న కుంకుమ కూడా పసుపయింది. మహానంది కుంకుమ పసుపుతో చేసిన అసలైనదే అన్నమాట. అది రంగుపొడి అయి ఉంటే నేను ఇప్పుడు ఈ కథ ఇంకో రకంగా రాయవలసి వచ్చేది.

ఇక ఎండ కావాలి. మా సీమలో ఎండకు కరువా అని మీరు అనుకోవచ్చు. శనివారం మధ్యాహ్నం ఆకాశమంతా మబ్బు కమ్మింది. వాన రాదు, ఎండ రాదు. ఏడాదంతా మాడ్చిన ఎండ, నాకు పని పడిన పూట ముసుగు తన్ని పడుకుంది.

ఆ సాయంత్రం నేను హవల్దారు ఇంటికి పోయాను. అతను వాకిట్లో బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు, సోమవారం కోసం.

"అప్పా, నేను నీకొక మాట చెప్పాల. మందు గిందు ఏమీ లేదు. సబ్బు పెట్టి నేనే చెడగొట్టినా. ఇప్పుడు మల్ల పసుపులోకి తెచ్చినాం. రేపు ఎండ కాస్తే పోతాది, కాయకపోతే నాకు తెలీదు. ఇంకోటి, నేను చూసిన తుపాకులు మొత్తం మూడు. అందులో ఒకటి..."

"నాటకాల తుపాకీ" అన్నాడు అతను, బూటు మీద నుంచి తల ఎత్తకుండా.

"నీకెట్ల తెలుసు?"

"ఆ నాటకంలో సిపాయి ఏషం నాదే అన్నా. మీసం గూడా మొలవలేదు అప్పటికి. ఆ తుపాకీ భుజానికి పెట్టుకున్నాకనే మిలిటరీకి పోవాలని పుట్టింది నాకు."

"మరి అన్నీ తెలిసి నా దగ్గరికి ఎందుకు తెచ్చినావు?"

"అది టేకుముక్క అన్నా. నీ పాలిష్ పడినాక నిజం తుపాకీ మాదిరే మెరిసింది. నేను నమ్మింది నీ చేతిని. నీ నోటిని మనూర్లో ఎవురు నమ్ముతారు?"

నేను ఇంటికి వచ్చేశాను. దారిలో ఎవరైనా పలకరించారో లేదో తెలియదు. ఆ మచ్చ పోవాలి. నేను వేసిన పాలిష్‌ల లెక్కలో ఇంకేవీ నిలవకపోయినా ఫరవాలేదు, ఇదొక్కటి నిలవాలి.

ఆదివారం పొద్దున్నే మిద్దె ఎక్కాను. ఉస్తాద్ చెప్పింది అబద్ధం కాదు, ఎండ కట్టెను చీలుస్తుంది, పాలిష్‌ను బొబ్బలెక్కిస్తుంది, రంగునూ తినేస్తుంది. అందుకని కట్టెకంతా వార్తాపత్రిక రెండు మడతలు చుట్టి, మచ్చ ఎంత ఉందో అంత మేరకే కత్తెరతో కిటికీ కోశాను. మిద్దె మీది నాపరాళ్లు కాలతాయని కింద గోనెసంచి మడిచి వేశాను. కాసేపటికోసారి చేతివెనుక తాకించి చూడడం, వేడెక్కితే గొడుగు అడ్డం పెట్టి చల్లారనివ్వడం, మళ్లీ ఎండకు చూపించడం. ఇదీ పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు, ఆ పూటకు నేను కనిపెట్టింది.

మబ్బు వస్తూ పోతూ ఉంది. మిద్దె మీద నీడ పడితే కట్టె ఎత్తుకొని వాకిట్లోకి దిగేవాణ్ణి, వాకిట్లో నీడ పడితే రోడ్డు పక్కకు పోయేవాణ్ణి. ఎండ ఎక్కడ ఉంటే అక్కడికి. కూరగాయల బండి తోసుకుపోయే ఆమె ఆగి చూసింది.

"ఏమప్పా పెద్దాయనా, తుపాకీతో వడియాలు పెడతాండావా?"

"అవునమ్మా. ఎండినాక రా, నీకూ రెండు వేయిస్తా."

"నాకొద్దు నాయనా, అవి పేల్తాయి" అని బండి తోసుకొని పోయింది.

పదకొండు దాటాక హవల్దారు చర్చి నుంచి నేరుగా వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. కిటికీలోంచి మచ్చ చూశాడు. పసుపు సగం పలచబడింది, నిమ్మతొక్క రంగులోకి వచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుతా. పాస్టరుగారు ఈ పొద్దు వాన కోసం ప్రార్థన చేయించినారు. శనగ ఇత్తనాలు ఎయ్యాల కదా. అందరూ కండ్లు మూసుకోని వాన వాన అంటాంటే, నేనొక్కణ్ణి ఎండ కావాలని అడిగినా. పాపమా?"

"సోమవారం దాకా అడిగినావా, ఎప్పటికీ అడిగినావా?"

"ఈ ఒక్కపొద్దుకే."

"అయితే సర్దుకుంటాడులేప్పా."

నవ్వాడు. ఆదివారమైనా మూసిన బ్యాంకుకు కాపలా తప్పదని మధ్యాహ్నం డ్యూటీకి పోయాడు.

ఇక రెండు నుంచి నాలుగు దాకా ఆ ఎండతో జరిగిన యుద్ధం గురించి ఎంత రాసినా తక్కువే. అన్నం తిని మళ్లీ పనిలో దిగాను. మబ్బు నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ కట్టెను కిందికి దించడం, పైకి మోయడం. నాపరాళ్ల మీద కాళ్లు పెట్టలేని వేడి. గొడుగు కట్టెకు పట్టాలి గానీ తలకు పట్టుకోకూడదు. కళ్ల ముందు చుక్కలు తిరిగినా కూర్చున్న చోటు నుంచి కదిలింది లేదు. నా వయసులో ఇంకొకడైతే ఆ మిద్దె మీదే రాలిపోయేవాడు.

నాలుగు దాటాక కాగితం విప్పి చూస్తే పసుపు లేదు. కట్టెను వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూశాను, గోరుతో గీకి చూశాను, కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాను. కిటికీ కోసిన చోట రంగు ఒక్క పిసరు తేలిపోయింది, అంతే. చల్లారనిచ్చి, మైనం కొద్దిగా గుడ్డకు పట్టించి, ఆ చోటా దాని చుట్టుపక్కలా కలిసిపోయేలా గంటసేపు మర్దన చేశాను. మైనం పట్టించడానికి చెయ్యి వణికినా నష్టం లేదు. కట్టె మళ్లీ బెల్లం పాకమైంది. ఆ సాయంత్రం మా ఇంటామె నుదుటికి శొంఠి పట్టు వేసుకొని మంచం మీద పడుకుంది. ఎందుకని అడగలేదు. నా సంతోషంలో నేనున్నాను.

సోమవారం పొద్దున హవల్దారు కట్టె తీసుకుపోయి తుపాకీకి బిగించుకున్నాడు. నేను బ్యాంకు ఎదుటి టీ అంగట్లో కూర్చున్నాను. ఆఫీసరు జీపు దిగాడు. లైసెన్సు కాగితాలు చూశాడు, గొట్టాల్లోంచి ఆకాశాన్ని చూశాడు, తర్వాత కట్టెను తిప్పి బొటనవేలితో రుద్దాడు. సరిగ్గా ఆ చోటే. ఏదో అడిగాడు. నా చేతిలో టీ మూడొంతులు నా పంచె మీదే ఒలికింది. హవల్దారు ఏదో జవాబు చెప్పాడు. ఆఫీసరు సంతకం పెట్టి జీపెక్కాడు.

"ఏమడిగినాడప్పా?" అన్నాను, జీపు మలుపు తిరగగానే రోడ్డు దాటి.

"కొత్త కట్టె యాడ చేయించినావు అన్న్యాడన్నా. పాతదే సార్, మా అన్న పాలిష్ వేసినాడు అని చెప్పినా." అతని కళ్లు తడిగా ఉన్నాయి. మిలిటరీ మనిషి కదా, పక్కకు తిరిగి గేటు దగ్గర నిటారుగా నిలబడ్డాడు.

ఇంతవరకు రాసి, మా ఇంటామెను కూర్చోబెట్టి చదివి వినిపించాను. నిమ్మకాయ తనదే అని రాశాను, ఎండ మాట తనదే అని రాశాను, సబ్బు తప్పు దాచలేదు. ఇంతకంటే నిజం నా చేత రాయించడం ఎవరి వల్లా కాదని గట్టిగా అన్నాను. ఆమె చివరిదాకా విని, కళ్లజోడు తీసింది.

"రెండు నుంచి నాలుగు దాకా నువ్వు యుద్ధం చేసినావా? అన్నం తిని మెట్ల కింద చాప పరుచుకోని గురకపెట్టి పండుకున్నావు. మబ్బొచ్చినప్పుడల్లా ఆ కట్టె మోసుకోని దిగింది నేను, ఎక్కింది నేను, ఎండకు తలకాయ పగిలిపోయి శొంఠి పెట్టుకున్నది నేను. నాలుగు గంటలప్పుడు నేను లేపితే లేచొచ్చి కాగితం విప్పినావు. అది గూడా రాయి."